నలికండ్ల పాము గుడ్లు

మొన్న కోరుట్లలో మా పక్కన కొత్త ఇల్లు కడుతున్నచోట, ఇసుక జల్లెడ పడుతున్న మనిషి "పాము, పాము" అంటూ ఎగిరి గంతేశాడు. నేను డాబా మీద మిరపకాయలు ఆరబోస్తున్నాను. తొంగి చూస్తే ఇసుక కుప్ప అంచున వేలెడంత పొడుగు ప్రాణి, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, ఎర్రటి తోకతో. అతను అప్పటికే పార ఎత్తాడు.

"ఆగు నాయనా, అది పాము కాదు. నలికండ్ల పాము" అని అరిచాను.

"మీరే పాము కాదంటిరి, మల్ల మీరే పామంటిరి. ఏదన్న ఒక్కటి చెప్పుండ్రి మేడం" అన్నాడు.

మేమిద్దరం వాదించుకునే లోపల అది ఇసుకలోకి మునిగి ఎటో వెళ్ళిపోయింది. ముప్పై ఏళ్ళు పిల్లలకు సైన్సు చెప్పిన దాన్ని కదా, అతనికి కూడా ఓ పాఠం చెప్పబోయాను. అంతలో మా బాపు గుర్తొచ్చాడు. ఆ ప్రాణికీ మా నాన్నకూ సంబంధం ఏమిటో చెప్పాలంటే మా దొడ్లోని పసుపు కుప్ప దగ్గర మొదలుపెట్టాలి.

మా ఊరు కోరుట్లకూ మల్లాపూర్‌కూ మధ్యన. పసుపు తవ్విన తర్వాత రెండు నెలలు ఊరంతా ఒకటే వాసన. పెద్ద పెద్ద కడాయిల్లో పసుపు ఉడుకుతుంటే వచ్చే ఆ వాసన కొంచెం మట్టిలా, కొంచెం చేదుగా ఉండి ముక్కులోంచి ఒక పట్టాన పోయేది కాదు. మా గోళ్ళు పసుపు, కుక్క వీపు పసుపు. అవ్వ, అంటే మా అమ్మ, మొక్కజొన్న రవ్వతో వండిన మక్క గట్క కూడా ఆమె చేతి పసుపు అంటి పచ్చగా ఉండేది. పచ్చిపులుసు పోసుకుని అదే గట్క తింటుంటే ఆ రుచి ఇంకెక్కడా దొరకదనిపించేది. నిజంగానే దొరకలేదు.

ఉడికించిందంతా ఎండబెట్టి అమ్మకానికి పోయేది. మళ్ళీ ఏటికి నాటే విత్తనం మాత్రం పచ్చిగానే ఉంచి, దొడ్లో పందిరి నీడన కుప్ప పోసి, ఎండిన పసుపు ఆకు కప్పి, పైన పేడా మట్టీ అలికేవారు. ఆ కుప్పకు యజమాని మా బాపమ్మ, అంటే బాపు వాళ్ళమ్మ. నాలుగు రోజులకోసారి ఒక మూల చిన్న కంత చేసి మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది. "సల్లగుంటె మంచిగున్నట్టు. ఎచ్చగుంటె కుళ్ళువట్టినట్టు" అనేది. అట్లా చెయ్యి పెట్టినప్పుడే ఒకసారి ఆమె మణికట్టు మీంచి నిగనిగలాడుతూ ఒకటి జారిపోయింది. నేను కెవ్వుమన్నాను. ఆమె మాత్రం నవ్వింది.

"నలికండ్ల పామే పిల్లా. పేరుకే పాము. కరువది, ఏం జెయ్యది. కుప్పల అదుంటె చెద రానియ్యది."

ఊళ్ళో మిగతావాళ్ళంతా దాన్ని చూస్తే చెప్పు తీసేవాళ్ళు. అది నాకితే మనిషి బతకడని మా అవ్వ కూడా గట్టిగా నమ్మేది. నా బాధ మాత్రం వేరు. నలికండ్లు అంటే నాలుగు కండ్లు అనుకున్నాను నేను. ఆ నాలుగు కండ్లు ఎక్కడున్నాయో చూడాలని వేసవి సెలవుల్లో బోర్లా పడుకుని కుప్ప అంచున కాపలా కాశాను. నాతోపాటు నా దోస్తు, పక్కింటి పిల్ల. వాళ్ళ నాయన దుబాయిలో ఉండేవాడు. ఆ పిల్ల రెండు కండ్లు చెంపల మీద, రెండు వీపు మీద ఉంటాయని పందెం కాసింది. నేను నాలుగూ తల మీదే అన్నాను. పందెం ఒక తాటి ముంజ.

పొద్దుటి ఎండకు ఆ ప్రాణి తల బయట పెట్టేది. చూశాం కదా, ఉన్నవి రెండే. కానీ వాటికి రెప్పలున్నాయి. పాముకు రెప్పలుండవు, అది కన్ను మూయదు. ఇది మాత్రం మమ్మల్ని చూసి, ఇదేం గోలరా అన్నట్టు రెప్ప వేసేది. కాళ్ళు నాలుగున్నాయి గానీ అగ్గిపుల్లంత కూడా లేవు. నెమ్మదిగా నడిచేటప్పుడు వాటిని వాడేది. ఉరకాల్సి వస్తే కాళ్ళను ఒంటికి అదుముకుని పాములాగే మెలికలు తిరుగుతూ మట్టిలో ఈదేది. ముంజ ఎవరికీ దక్కలేదు. ఇద్దరం ఓడిపోయాం.

ఒకరోజు మా దోస్తు దాని తోక మీద పుల్ల పెట్టి ఒత్తింది. తోక ఊడిపోయి ఎగిరెగిరి పడటం మొదలుపెట్టింది. మేం నోళ్ళు తెరుచుకుని తోకనే చూస్తున్నాం. అసలుది కుప్పలో దూరింది. మేం ఆ తోకను ఆకులో పెట్టి, మధ్యాహ్నం అరుగు మీద నిద్రపోతున్న బాపు బొజ్జ మీద వదిలాం. ఆయన లేచి, చూసి, దాన్ని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి, "ఎవ్వలిదో పడిపోయింది, ఇచ్చేసి రాండ్రి" అని మళ్ళీ పడుకున్నాడు. ఆయన కోపం ఇంతే. బాపమ్మ మాత్రం ఇద్దరి చెవులూ మెలిపెట్టింది. "తోక ఇచ్చి పానం కాపాడుకున్నదే అది. మల్ల తోక మొలిచేదాక ఎంత తిప్పలవడాల్నో ఎరికేనా?" అంది. పది పదిహేను రోజులకు చిన్న మోడు కనిపించింది. కొత్త తోక మునుపటంత ఎర్రగా లేదు.

అవి అన్నల రోజులు, అంటే నక్సలైట్ల కాలం. గోడల మీద ఎర్ర రాతలుండేవి. రాత్రి వచ్చినవాళ్ళు అన్నం అడిగేవారు, పొద్దున జీపులో వచ్చినవాళ్ళు ఎవరికి అన్నం పెట్టారని అడిగేవారు. పెద్దవాళ్ళు దేన్నీ దాని పేరుతో పిలిచేవారు కాదు. "చుట్టాలు అచ్చి పోయిండ్రట" అంటే ఒక అర్థం, "పెద్ద చుట్టాలు" అంటే ఇంకో అర్థం. ఎవరి దగ్గరైనా చిట్టీ దొరికిందంటే ఇక అంతే. జీపు ఎక్కినవాళ్ళలో కొందరు తిరిగొచ్చేవారు, కొందరు వచ్చేవారు కాదు. పిల్లలం ఇదంతా వింటూనే పెరిగాం. మా ఆటల్లో కూడా ఒకరు చిట్టీ తెచ్చేవారు, ఇంకొకరు చదివి చింపేసేవారు.

మిరుగం కార్తె, అంటే తొలకరి వానల మృగశిర, ఇంకా ఇరవై రోజులుందనగా విత్తనం ఏరడానికి కుప్ప విప్పారు. అడుగున, మెత్తటి తడి మట్టిలో, మూడు గుడ్లు. చింతగింజ కంటే కొంచెం పెద్దవి, తెల్లగా, తోలులా మెత్తగా ఉన్నాయి. అవ్వ చూస్తే పొయ్యిలో వేస్తుందని బాపమ్మ వాటి మీద కొంగు కప్పింది.

"ఎట్లున్నయో గట్లనే తియ్యాలె. కోడిగుడ్డు లెక్క మర్రవెట్టద్దు. బొర్లిస్తె లోపల పిల్ల సస్తది" అని చెప్పింది. తర్వాత నేను చదువుకున్న పుస్తకాల్లో కూడా అదే ఉంది, కాకపోతే మూడు పేజీలు ఉంది.

మా దోస్తు వాళ్ళింట్లోంచి దుబాయి పాలపొడి డబ్బా తెచ్చింది. దాని మీద అరబ్బీ రాతలు. మూతకు మేకుతో కంతలు కొట్టాం. కుప్పలోని మట్టే పోసి, గుడ్లను ఒక్కొక్కటే, ఉన్నవి ఉన్నట్టే పెట్టి, దొడ్లోనే పందిరి పక్కన పాతిపెట్టాం. రోజూ మట్టి మీద చేత్తో ఇన్ని నీళ్ళు చిలకరించడం మా దోస్తు పని.

ఆ వారమే దోస్తు వాళ్ళ అమ్మమ్మ ఊరికి పోయింది. డబ్బా అవ్వ కంట పడేట్టుందని నేను దాన్ని కుదపకుండా తీసుకుపోయి బండ్ల బాట పక్కన సీతాఫలం చెట్టు నీడలో పాతిపెట్టాను. దోస్తు తిరిగి వచ్చే రోజునే నేను, అవ్వ ప్రయాణమయ్యాం. వేములవాడలో మొక్కు తీర్చుకుని, సిరిసిల్లలో మా చిన్నమ్మ వాళ్ళింట్లో నాలుగు రోజులు ఉండి రావాలి. డబ్బా చోటు మారిందని దోస్తుకు చెప్పే వీలు లేక చిట్టీ రాశాను. నా రాతకు ఒక జబ్బుండేది. ప్రతి డ కిందా ఒక తోక పెట్టేదాన్ని. డబ్బాను ఢబ్బా అని, గుడ్డును గుఢ్ఢు అని. తోక ఉంటే అందంగా ఉంటుందని. మా పంతులు ఎన్ని దెబ్బలు కొట్టినా ఆ తోక ఊడలేదు.

బాపు మమ్మల్ని కోరుట్ల బస్టాండులో బస్సు ఎక్కించాడు. కిటికీలోంచి చిట్టీ ఇచ్చాను. నాలుగు మడతలు.

"బాపూ, గిది నా దోస్తుకియ్యి. నువ్వు సదువద్దు."

"సదువ బిడ్డా."

"నా మీద ఒట్టా?"

బస్సు కదులుతోంది. ఆయన కిటికీ పట్టుకుని నాలుగడుగులు పరుగెత్తి, నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు" అన్నాడు. ఒట్టు తప్పితే ఎవరి మీద వేశారో వాళ్ళు చచ్చిపోతారని మా ఊళ్ళో పిల్లలకే కాదు, పెద్దలకూ నమ్మకం.

సిరిసిల్లలో రెండు రోజులు హాయిగా గడిచాయి. వీధి వీధినా సాంచల చప్పుడు. బట్ట నేసే ఆ మిషన్ల చప్పుడుకు చిన్నమ్మ వాళ్ళు ఇంట్లో కూడా అరిచి మాట్లాడుకునేవారు. మూడోరోజు పొద్దున మా ఊరాయన ఒకరు బట్టల కోసం వచ్చి, చిన్నమ్మ వాళ్ళింటి ముందు నిలబడి అవ్వను బయటికి పిలిచాడు. ఆ చప్పుడులో ఆయన కూడా అరిచే చెప్పాడు.

"మీ ఆయనను పట్కపోయిండ్రు. మొన్న మిమ్ముల బస్సెక్కిచ్చి అస్తుంటె కల్వర్టు కాడ ఆపిండ్రట. అంగి జేబుల చిట్టీ దొరికింది. ఏవో గుడ్ల ముచ్చటట!"

అవ్వ ఆ నిమిషమే బట్టలు మూట కట్టడం మొదలుపెట్టింది. నాకు మాత్రం గుడ్లు అన్న మాట చాలు.  ఆ చిట్టీలో ఏం రాశానో ఒక్కో అక్షరం కళ్ళ ముందుకొచ్చింది.

"మూఢు గుఢ్లు ఢబ్బల ఉన్నయి. బంఢ్ల బాటకు సీతాఫలం చెట్టు కింద దాసిపెట్టిన. కదిలియ్యద్దు. కదిలిస్తె అయిపోయినట్టే. మిరుగం వరకు ఎల్తయి. ఎవ్వలకు చెప్పకు. చదివి చింపెయ్యి."

ఆ రోజుల్లో ఈ ముక్కలు చదివిన పోలీసు ఏమనుకుంటాడో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. ఆ పొద్దు బస్సులో నాకు నవ్వు రాలేదు. వేములవాడలో బస్సు మారేటప్పుడు అవ్వకు చెప్పేశాను, ఆ చిట్టీ నేనే రాశానని. ఆమె వీపు మీద ఒక్కటి చరిచింది. అదే చేత్తో దగ్గరికి తీసుకుని, కోరుట్ల వచ్చేదాకా వదల్లేదు.

ఠాణా ముందు వేపచెట్టు కింద బాపమ్మ సద్దిమూట పక్కన పెట్టుకుని కూచుంది. రెండు రోజులుగా అక్కడే ఉందట. ఏం జరిగిందో ఆమెకు ఒక ముసలి కానిస్టేబులు చెప్పాడు. కల్వర్టు దగ్గర చిట్టీ బయట పడగానే, ఇదేంటని బాపును అడిగారు. తెలియదన్నాడు. నీ జేబులోది నీకు తెలియదా, చదువు అన్నారు. "నేను సదువ సార్. బిడ్డ మీద ఒట్టు వెట్టుకున్న" అన్నాడట. దెబ్బ పడినా అదే మాట. ఎస్సై దాన్ని బిగ్గరగా చదివితే "ఏం గుడ్లు సార్?" అని బాపే ఎదురడిగాడట. గుడ్ల సంగతి ఆయనకు మేం చెప్పనే లేదు కదా.

"నేను చెప్పిన, పాము గుడ్లు సారూ, నడువుండ్రి సూపిస్త అని" అంది బాపమ్మ. "మమ్ముల ఆడికి తోలుకపోయి పేల్చేద్దామనా ముసల్దానా అన్నడు. డబ్బా అంటె డబ్బానే అంటడు, గుడ్డంటె గుడ్డు కాదంటడు. ఏం జెయ్యాలె?"

అవ్వ నన్ను లోపలికి తోసుకుపోయింది. ఎస్సై గుంటూరు వైపు మనిషి. చిన్న వయసు. రెండు రాత్రులు నిద్ర లేనట్టు కళ్ళెర్రబడి ఉన్నాయి. అప్పుడు నాకు తెలియలేదు గానీ, ఆయన కూడా భయపడుతున్నాడు.

"ఆ చిట్టీ నేను రాసిన సార్. అవి నలికండ్ల పాము గుడ్లు" అన్నాను.

"నాలుగు కళ్ళ పామా? ఏంటమ్మా, ఆటలా?"

"నాలుగు కాదు సార్, రెండే. నేను లెక్కవెట్టిన."

ముసలి కానిస్టేబులు దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. ఎస్సై నన్నే చూశాడు. తర్వాత బల్ల మీదికి ఒక తెల్ల కాగితం, పెన్ను తోశాడు.

"రాయి. మూడు గుడ్లు డబ్బాలో ఉన్నాయి."

రాశాను. మూఢు గుఢ్లు ఢబ్బాలో. మూడు డలకూ మూడు తోకలు. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి పోల్చి చూశాడు. టోపీ పెట్టుకుని, నన్నూ బాపమ్మనూ జీపు ఎక్కించాడు.

జీపు సీతాఫలం చెట్టుకు చాలా దూరంలో ఆగింది. అందరూ దిగి దూరంగా నిలబడ్డారు. జగిత్యాల నుంచి బాంబులు తీసేవాళ్ళు రావాలి, వాళ్ళే తవ్వాలి, అందాకా ఎవరూ కదలొద్దు అని ఎస్సై చెబుతున్నాడు. వాళ్ళు వచ్చి గడ్డపార వేస్తే గుడ్లు ఏమవుతాయి? గుడ్లు లేకపోతే మా బాపు ఏమవుతాడు? నేను ఉరికాను. వెనక నుంచి ఎవరో "ఏయ్ పాపా!" అని కేక పెట్టారు. ఆ కేకను మించి బాపమ్మ గొంతు.

"మెల్లగనే పిల్లా! బొర్లిచ్చినవంటె అయిపాయె!"

ఆ మాటకు ఇద్దరు పోలీసులు కాలువలోకి దూకి నేలకు కరుచుకుపోయారు.

నేను చేతులతో మట్టి తీశాను. డబ్బా అలాగే ఉంది. మూత తెరిచాను. రెండు గుడ్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మూడోది చిరిగి ఖాళీగా ఉంది. అంత ఎండలకు పిల్ల ముందే ఎల్లి బయటికొచ్చినట్టుంది. ఎస్సై ఒక్కో అడుగే వేసుకుంటూ నా వెనక్కి వచ్చి వంగాడు. అప్పుడే డబ్బా మట్టిలోంచి దారం ముక్కంత పిల్ల, నల్లటి ఒళ్ళు, నిప్పు లాంటి ఎర్ర తోక, పైకి లేచి, అంచు దాటి, ఆయన బూటు మీదుగా ఉరికి ఆకుల్లో మాయమైంది. ఆయన ఎగిరి గంతేశాడు.

"ఓరి దేవుడా... ఇది నలికిరి! మా ఊళ్ళో నలికిరి అంటాం దీన్ని" అన్నాడు. నవ్వాడు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. అట్లాగే గొంతుక్కూచుని ఆ రెండు గుడ్లను చూస్తూ ఉండిపోయాడు. రెండు రోజులుగా లోపల కూచోబెట్టిన మనిషి గుర్తొచ్చి ఉంటాడు. చివరికి తనే మూత పెట్టి, తనే మట్టి కప్పాడు. మెల్లగా, బోర్లించకుండా.

ఎస్సై తలుచుకుంటే కేసు ఇంకోలా రాసుకోవచ్చు. ఆ రోజుల్లో అట్లా రాసుకున్నవాళ్ళు లేకపోలేదు. ఒక పిల్ల రాతలోని తోకలను నమ్మి జీపు ఎక్కిన ఆ పేరు తెలియని మనిషికి నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. కుప్పలో చెయ్యి పెట్టి, భయపడేదానికీ భయపడనక్కర్లేని దానికీ తేడా నేర్పిన బాపమ్మకూ పెడతాను. నేను బడిలో చెప్పిన సైన్సులో సగం ఆమెదే.

సాయంత్రం ఎండ తగ్గకముందే బాపును వదిలిపెట్టారు. ఠాణా మెట్ల మీద నిలబడ్డాడు. ఎడమ చెంప ఉబ్బి ఉంది. అంగీకి రెండు గుండీలు లేవు. నేను ఉరికిపోయి ఆయన నడుం పట్టుకుని ఏడ్చాను. ఆయన నా నెత్తి నిమిరి, "ఎన్ని ఎల్లినయి బిడ్డా?" అని అడిగాడు.

"ఒక్కటి బాపూ."

"మంచిగున్నదా?"

"ఉరికింది."

ఎస్సై వాపసు ఇచ్చిన చిట్టీని ఆయన జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. ఎన్ని చేతులు మారిందో, నలిగి, మడతల దగ్గర చిరుగులు పట్టి ఉంది. తప్పు చేసినవాడిలా నన్ను చూశాడు.

"మడుత నేను ఇప్పలే బిడ్డా. వాళ్ళే ఇప్పిండ్రు" అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఎన్నో ఏళ్ళు బతికాడు. నీ వల్లే కదా అని ఒక్కనాడూ అనలేదు, ఎగతాళికి కూడా. మంచి కూతురినయ్యానో కాదో నాకు తెలియదు గానీ, నా నెత్తి మీద చెయ్యి పెట్టి అన్న మాట కోసం రెండు రోజులు దెబ్బలు తిన్న మనిషికి పుట్టాను. నా అదృష్టం అది.